పెళ్ళి పిలుపులకి దగ్గరదారి

ఆ రోజుల్లో మా కోనసీమలో ఎవరినైనా దారి అడిగితే దారి ఒక్కటీ చెప్పి వదిలేసేవారు కాదండి. "తమరెవరి తాలూకండి?" అని మొదలెట్టి, మన తాతగారి పేరు దాకా వెళ్ళి, అక్కడేదో దూరపు చుట్టరికం తేల్చి, కొబ్బరిబొండం కొట్టి చేతిలో పెట్టి, అప్పుడు "అలా కాలవగట్టెంట వెళ్ళిపోండి, లాకుల దగ్గర ఎవర్నడిగినా చెప్తారండి" అనేవారు. అంటే అసలు దారి చెప్పే భారం లాకుల దగ్గరున్నాయన మీదకి తోసేసేరన్నమాట. ఆయనా అంతే, ఇంకో బొండం కొట్టేవాడు. ఇప్పుడైతే జేబులోంచి ఓ ఆడగొంతు "కుడివైపు తిరగండి" అంటుంది, మనం తిరుగుతాం. ఆవిడకి మన తాతగారెవరో అక్కర్లేదు. ఈ బొండాల కాలం పోతూ, ఆ ఆడగొంతు కాలం వస్తూ ఉన్న సంధిలో నాకు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం రావడం మంచిదే, దాంతోపాటు కాస్త పొగరు కూడా వచ్చింది. అదే వచ్చిన చిక్కు.

అమలాపురం గడియారస్తంభానికి కూతవేటు దూరంలో ఓ మేడమీద మా ఆఫీసు. స్కూలు బస్సులకీ, పాల వేన్లకీ దారులు గీసివ్వడం మా పని. బండి ఎక్కడెక్కడ ఆగాలో కంప్యూటర్లో పటం మీద చుక్కలు పెట్టేస్తే చాలు. అన్ని చుక్కల్నీ ముట్టుకుంటూ, తక్కువ డీజిలుతో, బయల్దేరిన చోటికే తిరిగొచ్చే దారి ఆ సాఫ్ట్‌వేరే గీసి ఇచ్చేది. ఏ చుక్క తరవాత ఏ చుక్కో కూడా అదే తేల్చేది. మా మేనేజరు గారు నోరు తెరిస్తే షార్ట్‌కట్ అనేవారు (అందుకే చాటుగా ఆయన్ని షార్ట్‌కట్‌గారనే పిలుచుకునేవాళ్ళం, కాఫీ కూడా ఒక్క గుటకలో తాగేసేవారు). నేనైతే ఆ సాఫ్ట్‌వేరు నేనే కనిపెట్టినట్టు తిరిగేవాణ్ణి. ఓ ఆదివారం పూట అమ్మ వంటింట్లోంచి పెరట్లోకీ, పెరట్లోంచి వంటింట్లోకీ ఊరికే తిరుగుతోందని చూసి, "అమ్మా, కరివేపాకూ, నీళ్ళబిందే, అంట్లగిన్నెలూ ఒకే ట్రిప్పులో కలుపుకోవచ్చు, నేను చెప్తానుండు" అన్నాను. అమ్మ అట్లకాడ చూపించింది, అంతే. నేను వీధరుగు మీదకి దగ్గరదారి పట్టేను.

అప్పుడే అక్కకి పెళ్ళి కుదిరింది. నాన్న మస్కట్‌లో ఉండేవారు. ఆయనకి దొరికిన సెలవు పెళ్ళికి సరిపోయేంతే. అంచేత పిలుపుల భారమంతా అమ్మ మీదా నా మీదా పడింది. మా వైపు పిలుపంటే ఫోన్లో చెప్పేస్తే అయ్యేది కాదు కదండీ. ఇంటికి వెళ్ళాలి, ఇల్లాలికి బొట్టు పెట్టాలి, ఇంటాయన చేతిలో శుభలేఖ పెట్టాలి, "పిల్లాపాపలతో ముందే వచ్చెయ్యాలండి" అనాలి, వాళ్ళు పెట్టిన కాఫీ తాగాలి. ఇలా ఎన్నిళ్ళు తిరిగితే అన్ని కాఫీలు. చుట్టాలేమో కోనసీమ నాలుగు మూలలా ఉన్నారు. అమ్మకి చూస్తే మోకాళ్ళ నొప్పులు. నా గుండె ఉప్పొంగింది. "నువ్వు ఊళ్ళ పేర్లు చెప్పమ్మా, ఒక్కరోజులో పూర్తిచేసేస్తాం" అన్నాను.

అమ్మ మఠం వేసుకుని కూర్చుని, "ముందు దేవుడు, తరవాత ఓడలరేవు మావయ్య" అంది. మావయ్యంటే అమ్మకి ఒక్కగానొక్క అన్నగారు. ఓడలరేవు దగ్గర రొయ్యల చెరువులు చేసేవాడు. "ముందూ తరవాతా నువ్వు చెప్పక్కర్లేదమ్మా, అది చూసుకుంటుంది" అన్నాను. "అదెవరు?" అంది అమ్మ. లాప్‌టాప్ చూపించేను. ఊళ్ళన్నీ చెప్పించుకుని చుక్కలు పెట్టి మీట నొక్కితే, మా ఇంటి దగ్గర మొదలై మురమళ్ళ, కొత్తపేట, రాజోలు, అంతర్వేది తిరిగి, బోడసకుర్రు వంతెన మీంచి ఓడలరేవు చేరి, మళ్ళీ మా ఇంటికొచ్చే దారి ఎర్రగా వెలిగింది. "అబ్బ, మెళ్ళో గొలుసులా ఉందిరా" అని అమ్మ మురిసిపోయింది. మరుక్షణమే మొహం మారింది. "అదేవిటి, అన్నయ్య ఆఖర్నొచ్చేడేం?"

"ఆఖరని కాదమ్మా, తిరుగుదార్లో అన్నమాట. మావయ్య మనోడే కదా, ఏవనుకుంటాడు?"

"మనోడు కాబట్టే అనుకుంటాడురా" అంది అమ్మ. అంది గానీ, ఒక్కరోజులో, కార్లో, మోకాళ్ళు చల్లగా ఉండేలా అయిపోతుందంటే పాపం ఆశపడింది. నేనూ ఆ ఆశని బాగా ఎగదోసేను.

మొదటి చుక్క మురమళ్ళలో మైకు బాబాయిది. నాన్నకి పెదనాన్న కొడుకు. ఆయనకి మైకుతో పనిలేదు గనక ఆ పేరు. ఆయనకీ మావయ్యకీ మాటల్లేవు. మా అమ్మా నాన్నల పెళ్ళిలో మావయ్య ఆడపెళ్ళివారి తరఫున చెమటలు కక్కుతూ వడ్డిస్తుంటే, మొదటి బంతిలో కూర్చున్న ఈ బాబాయి పందిరంతా వినబడేలా "గుత్తొంకాయలో ఉప్పు తక్కువైందండోయ్!" అన్నాడట. అంటే అది మా అక్క కంటే వయసులో పెద్ద తగువు. అలాంటి బాబాయి చేతిలో మొదటి శుభలేఖ పెట్టగానే కళ్ళు మెరిసిపోయేయి. "మొదటిది మాకేనా వదినగారూ? మాకేనా?" అని రెండుసార్లు అడిగేడు. నేను వెర్రివాణ్ణి, "ఆయ్, మీకే బాబాయ్" అన్నాను. మేం కాఫీలు తాగుతుండగానే పెరట్లోకి వెళ్ళి ఫోను తీసేడు. ఆ మాటకొస్తే ఫోను కూడా అనవసరం ఆయనకి.

అక్కణ్ణించి చూడండి నా సామిరంగా! మా కారు కంటే ఆ కబురు జోరుగా పరిగెత్తింది. కొత్తపేటలో పిన్ని బొట్టు పెట్టించుకుంటూ "మొదట మురమళ్ళకెళ్ళేరంటగా అక్కా?" అంది నవ్వుతూ. రాజోల్లో నవ్వడం కూడా మానేసేరు. అంతర్వేదిలో ఓ పెద్దావిడ "మరి మీ అన్నగారింకా…" అని ఆపేసి, "కాస్త పంచదార వెయ్యనామ్మా?" అని మాట మార్చింది. అమ్మ కార్లో కొంగు నోటికడ్డం పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. నేను మాత్రం మనం అనుకున్న టైముకంటే ముందే ఉన్నామని సంబరపడుతున్నాను.

పొద్దువాటారుతుండగా ఓడలరేవు చేరేం. ఎప్పుడూ మా కారు చప్పుడుకి వీధిలోకి పరిగెత్తుకొచ్చి "ఒరే అల్లుడూ!" అని నా వీపు మీద ఒక్కటి చరిచే మావయ్య, ఆ రోజు ఉతికిన పంచె కట్టుకుని, గుమ్మంలో చేతులు జోడించి నిలబడ్డాడు. "రండి చెల్లెలుగారూ, దయచెయ్యండి. బాబుగారూ, తమరూ రండి. ఎండనబడి వచ్చేరు" అన్నాడు. నన్ను బాబుగారనడం పుట్టేక అదే మొదలు. మా గోదారోళ్ళకి కోపమొస్తే గొంతు లేవదండి, మర్యాద లేస్తుంది. ఎంత కోపముంటే అంత మర్యాద. ఆ లెక్కన ఆ సాయంత్రం మావయ్య మమ్మల్ని నరికేసేడన్నమాటే.

అత్త బొట్టు పెట్టించుకుంది గానీ కళ్ళెత్తలేదు. అమ్మ శుభలేఖ ఇచ్చి, "అన్నయ్యా, రెండ్రోజులు ముందే వచ్చెయ్యాలి" అంది.

"ఆయ్" అన్నాడు మావయ్య.

"పందిరి పనులవీ నువ్వే చూసుకోవాలి."

"ఆయ్."

"బుట్టలో పిల్లని పీటల మీదకి నువ్వే తేవాలి కదన్నయ్యా" అంది అమ్మ.

మావయ్య దూలం వైపు చూసి, "ఆయ్" అన్నాడు.

కారెక్కేక అమ్మ గొల్లుమంది. "అదేవిటమ్మా, అన్నిటికీ ఒప్పుకున్నాడు కదా!" అన్నాను నేను. అమ్మ ఏడుపాపి నాకేసి తిరిగి, "చదువుకున్నావు గానీ నీకు ఆయ్‌లు తెలీవురా. 'ఆయ్, అలాగేనమ్మా' అంటే వస్తానని. 'ఆయ్, చూద్దావమ్మా' అంటే కుదరదని. పక్కన ఇంకో ముక్క లేకుండా ఉట్టి ఆయ్ అన్నాడంటే మనసు విరిగిపోయిందని. మూడూ ఉట్టివే" అంది. అని మళ్ళీ ఏడుపులో పడింది.

ఇంటికి రాగానే అక్క ఎదురొచ్చింది. కబురు మాకంటే ముందే చేరిపోయింది లెండి. నా లాప్‌టాప్ లాక్కుని ఆ ఎర్రదారి కేసి కాసేపు చూసి, "ఒరే, ఇది చుట్టూ తిరిగొచ్చేదే కదరా? అటునించి మొదలెట్టి ఇటునించి వస్తే నీ డీజిలేమైనా ఎక్కువయ్యేదా?" అంది. నేను చూసేను. అవునండి, తిరగేసి తిరిగినా దూరం సమానం. మావయ్యది మొదటి ఇల్లయ్యేది, మైకు బాబాయిది ఆఖరిదయ్యేది. ఈ ముక్క చెప్పడానికి సాఫ్ట్‌వేరెందుకు, చిన్నపిల్లాడైనా చెప్తాడు. నాకు మాత్రం తట్టలేదు.

తిడుతుందేమో అనుకున్నాను. అక్క తిట్టలేదు. "మావయ్య రాకపోతే నేను నడిచే వెళ్తానురా పీటల మీదకి. ఇంకెవరు ఎత్తినా నేను బుట్టలో కూర్చోను" అని గదిలోకి వెళ్ళిపోయింది. నాన్న మస్కట్ వెళ్ళిన కొత్తలో అక్కకి సైకిలు నేర్పింది మావయ్య. అక్క టెన్త్ పరీక్షలు రాస్తుంటే రోజూ ఓడలరేవు నుంచి వచ్చి, స్కూలు గేటు బయట బొండం పట్టుకుని నిలబడింది మావయ్య. అక్క అల్లరి చేస్తే మాత్రం అమ్మని కేకలేసేవాడు. ఈ బుట్ట మొయ్యడమన్నది అక్క పుట్టిన దగ్గర్నించీ వాళ్ళిద్దరి మధ్యా ఉన్న ఒప్పందం. "ఇంకా తిను, ఇంకా తిను, మొయ్యడానికి నేనున్నాను" అంటూ నేతిమిఠాయి కుక్కేవాడు. అది గుర్తొచ్చి నాకు అన్నం దిగలేదు.

తెల్లారగానే బండి తీసేను. వీపుకి లాప్‌టాప్ కట్టుకున్నాను (ఎందుకంటే ఏం చెప్తాను? సాక్ష్యం కోసం అనుకోండి). వాకిట్లో ముగ్గేస్తున్న అత్త నన్ను చూసి, "చెరువుల దగ్గరున్నారు. నే చెప్పేనని చెప్పకు నాయనా" అంది. చెరువుగట్టు మీద తాటాకుల పాక ఒకటుంది, రొయ్యల మేత బస్తాలు దాచేది. దాని వెనకాల నుంచి మూలుగులు వినబడ్డాయి. మెల్లిగా తొంగిచూసేను.

ఓ కొత్త వెదురుబుట్ట. అందులో రెండు మేత బస్తాలు. ఓ పక్క మావయ్య, ఇంకో పక్క చెరువు కాపలాదారు, ఇద్దరూ దాన్ని నడుం ఎత్తుకి లేపి గట్టు మీద పీతల్లా నడుస్తున్నారు. "నిదానం రా బాబూ, అటు ఒంగిపోతోంది, పిల్ల పడిపోద్ది!" అంటున్నాడు మావయ్య. బస్తాని పిల్ల అంటున్నాడు!

నన్ను చూసి బుట్ట దభీమని దింపేసి, తువ్వాలు భుజం మీద సర్దుకుని, "తమరా? రండి. మేత తూకం వేయిస్తున్నాం" అన్నాడు.

"పసుపు రాసిన బుట్టలోనా మావయ్యా?"

మావయ్య బుట్టకేసి చూసేడు. కాపలాదారు చెరువుకేసి చూసేడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేసేయి. గట్టు మీదే కూలబడి, "తప్పు అమ్మది కాదు మావయ్యా. ఇదిగో దీనిది" అని లాప్‌టాప్ తెరిచి పెట్టేను. మావయ్య దూరంగానే నిలబడ్డాడు. కాసేపటికి ఆగలేక పక్కనొచ్చి గొంతుక్కూర్చుని, "ఇందులో నేనెక్కడున్నాను?" అన్నాడు.

"ఇదిగో ఈ చుక్క."

"నేనా ఈ చుక్కని? ఇంతేనా?"

"అందరూ అంతే మావయ్యా. బాబాయి కూడా ఇంతే."

ఆ మాట కొంచెం నచ్చినట్టుంది. "మరి నన్ను ఆఖర్న పెట్టమని ఎవరు చెప్పేరు దీనికి?"

"ఎవరూ చెప్పలేదు. దీనికి దూరాలే తెలుసు. ఎవరు పెద్దో, ఎవరు మేనమావో తెలీదు."

మావయ్య తువ్వాలు అంచుతో ఆ తెర మీద దుమ్ము తుడిచేడు. "అయితే దీనికి మేనమావ లేడన్నమాట" అన్నాడు.

"లేడు మావయ్యా."

"పాపం" అన్నాడు మావయ్య. నిజంగానే జాలిపడ్డాడండి. "మేనమావ లేనిదానికి మంచీ మర్యాదా ఎవరు చెప్తారు, పాపం. దీన్నని ఏం లాభం?" అని లేచి, నా వీపు మీద ఒక్కటి చరిచేడు. ఒరే అనకపోయినా ఆ దెబ్బతో తెలిసిపోయింది, నేను బాబుగారి ఉద్యోగం నుంచి బయటపడ్డానని. "మీ అమ్మని రేపు మళ్ళీ తీసుకురా. నిన్నటిది పిలుపు కాదు, ఉత్తినే చూడ్డానికొచ్చేరు. రేపొచ్చేదే పిలుపు. ఇంకోటి. బుట్ట రెండో పక్క పట్టేది నువ్వే. దారి గీసినోడివి కదా, మొయ్యి."

పెళ్ళి పగటి ముహూర్తం. గదిలోంచి పందిట్లో పీటల దాకా నాలుగడుగులు, సూటిగా ఉంది దారి. అక్క బుట్టలో కూర్చుంది. నేతిమిఠాయిల ఫలితం నా రెండు భుజాలకీ వెంటనే తెలిసింది. నేను సూటిదారి కేసి తిరిగేను. మావయ్య ఎడంపక్కకి లాగేడు. మగపెళ్ళివారి కుర్చీల వరస వెంట, భోజనాల పందిరి వైపు, సన్నాయి వాళ్ళని చుట్టి, అంత బరువుతో ఊరేగింపులా తిప్పుతున్నాడు. మైకు బాబాయి ముందు నుంచి వెళ్తుంటే ఆయన లేచి నిలబడి, "బావగారూ, నిదానం!" అని అరిచేడు. మావయ్య తల తిప్పకుండా, "ఆ, నిదానంగానే వెళ్తున్నామండి" అన్నాడు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అది. నాకు దాన్ని ఆనందించే ఓపిక లేదు. చేతులు పట్టు తప్పుతున్నాయి. అటు పురోహితుడు గారు "ముహూర్తం, ముహూర్తం" అంటున్నారు. ఇంక ఉండబట్టలేక, "మావయ్యా, ఇటు దగ్గరదారుంది, ఇటు!" అన్నాను పళ్ళ బిగువున.

మావయ్య ఆగేడు. మొహమంతా చెమట. అది చెమటో మరోటో నాకు తెలీలేదు. "నాకు తెల్దంట్రా దగ్గరదారి?" అన్నాడు మెల్లిగా, నాకూ అక్కకీ మాత్రమే వినబడేలా. "దింపేసేక పిల్ల మరి మనింటిది కాదు. నీకెందుకురా అంత తొందర?"

అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు కార్చని అక్క, కొబ్బరిబొండం చేతిలో పట్టుకుని తలొంచుకుని ఏడ్చేసింది. నేనింక మావయ్య ఎటు లాగితే అటే వెళ్ళేను.

ఇప్పటికీ నా బతుకు ఆ చుక్కలూ గీతల్లోనే. సాఫ్ట్‌వేరు ఎంతో తెలివిమీరింది, నా జుట్టే పలచబడింది. వంటింట్లోంచి పెరట్లోకి అమ్మకి దారి గీయబోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. అక్క ఎప్పుడొచ్చినా రాజమండ్రి స్టేషనుకి నేనే కారు తీసుకెళ్తాను. హైవే ఎక్కితే చటుక్కున ఇంట్లో పడతాం. పడితే అమ్మా, మావయ్యా, పిల్లలూ అందరూ చుట్టూ మూగిపోతారు, మళ్ళీ నాకు అక్క దొరకదు. అంచేత కాలవగట్టు పట్టుకుని తిప్పుకొస్తాను. మొన్నటిసారి ఫోను గోలపెడుతుంటే దాన్ని నోరు మూయించేను. అది చూసి అక్క, "ఏరా, ఇన్నేళ్ళు ఇదే ఉద్యోగం చేసి ఇంటికి దగ్గరదారి తెలీదా నీకు?" అంది.

"తెలీదక్కా" అన్నాను.

అక్క చెప్పులు విడిచి, కాళ్ళు సీటు మీదకి ముడుచుకుని, కిటికీ అద్దం దించుకుంది.